దుప్పటి మడతంత దూరం

చిరంజీవి అబ్బాయికి, అమ్మ దీవించి రాసేది.

ఇక్కడ నాన్నా నేనూ కులాసా. నాన్న మోకాలు మేడమెట్లు ఎక్కేటప్పుడే నొప్పెడుతుంది, క్యారమ్స్ ఆడటానికి పక్కింటికి వెళ్ళేటప్పుడు కాదు. నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను.

రోజూ ఫోనులో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటావు. నువ్వు ఉత్తరంలో అడిగినదానికి ఫోనులో జవాబు చెప్పబోయిన ప్రతిసారీ నా నోట "అన్నం తిన్నావా" అన్న మాటే వచ్చింది. నువ్వూ నోటితో అడగలేకే రాసి ఉంటావు. అందుకని ఇవాళ సెలవు పెట్టి కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఇప్పటికి రెండుసార్లు లేచి పొయ్యి ఆపానో లేదో చూసొచ్చాను. ఇవాళ పొయ్యి వెలిగించనేలేదు.

బదిలీ మన ఊరికే అయిందనీ, వేరే గది చూసుకోకుండా ఇంట్లోనే ఉండొచ్చా అనీ అడిగావు. నెల్లాళ్ళుగా నేను దానికి జవాబివ్వకపోయేసరికి నాన్న వద్దంటున్నారేమో అని అనుమానపడ్డావు. పాపం ఆయన్నేమీ అనుకోకు. మేడమీది గదిలో పాత పేపర్లన్నీ తీసేసి, కిటికీ బందులకు నూనె కూడా వేశారు. తటపటాయిస్తున్నది నేను. ఎందుకో చెప్పడానికే కూర్చున్నాను, కానీ నన్ను తొందరపెట్టకు.

నీ రెండో ప్రశ్న తేలిక. నా చేతులమీద కమిలిన మచ్చల గురించి నాన్న నీకు చెప్పారట కదా. అలమర తలుపు తగిలిందని ఆయనతో అన్నాను. అదే తలుపు మూడుసార్లు తగిలేసరికి ఆయన ఆ తలుపే ఊడదీయించారు. అసలు సంగతి ఏమిటంటే, నేను కరాటే నేర్చుకుంటున్నాను. ముందు నవ్వుకో, తర్వాత చదువు.

మా ఆసుపత్రిలో పనిచేసే ఆడవాళ్ళకని మంగళ, శుక్రవారాలు పని దిగాక నేర్పిస్తున్నారు. మేం దుప్పట్లు మడిచే గది వెనకున్న హాల్లోనే. ఎనిమిది నెలలైంది. నాన్నతో ప్రార్థనకు వెళ్తున్నానని చెప్పాను. దేవుడి పేరు చెప్పి అబద్ధమాడుతున్నాను కదా అని, హాల్లోకి వెళ్ళేముందు నిజంగానే అయిదు నిమిషాలు దణ్ణం పెట్టుకుంటాను.

నాకు జతగా మా నిచ్చెనను ఇచ్చారు. ఆమె గురించి నీకు చెప్పాను, నాతోపాటు దుప్పట్లు మడిచే మనిషి. పై అరలో కట్టలు పెట్టడానికి స్టూలు అక్కర్లేనిది. నా తల ఆమె భుజం దాకా వస్తుంది. నేను చెయ్యి ఎంత చాపినా ఆమెకు జానెడు దూరంలో ఆగిపోతుంది. ఆమె ఊరికే అలా చాపితే చాలు, గ్లవ్ నా ముక్కు మీద ఉంటుంది. కొట్టి సారీ వదినా అంటుంది, నేను పర్లేదమ్మా అంటాను. మా మాస్టరమ్మకు ఇద్దరిమీదా చిరాకే. ఆవిడ పగలంతా ఎక్స్‌రేలు తీస్తుంది. మనిషి లోపల ఏముందో చూడటం అలవాటైపోయిందేమో, ఏదీ దాచనివ్వదు.

కొట్టేటప్పుడు గట్టిగా అరవాలట. నా గొంతు సంగతి నీకు తెలుసు. నాకు "దేవుడా" తప్ప ఇంకేం రాలేదు. అదీ నేను కొట్టేటప్పుడు కాదు, నిచ్చెన చెయ్యి లేచినప్పుడు, కళ్ళు గట్టిగా మూసుకుని. ఒకరోజు మాస్టరమ్మ మమ్మల్ని ఆపించి నా దగ్గరికి వచ్చింది.

"దేవుణ్ణి తర్వాత పిలుద్దురుగాని, ముందు కళ్ళు తెరవండి" అంది.

పొడుగు మనిషి దెబ్బకు బలమంతా చెయ్యి చివర్లో ఉంటుందట. భయపడి వెనక్కి జరిగామా, సరిగ్గా ఆ చివరే మనకు తగులుతుంది. ఆ మనిషి కొట్టి చెయ్యి వెనక్కి తీసుకునే క్షణంలో, ఎదురుగా కాకుండా కాస్త పక్కకు, ఒక్క అడుగు లోపలికి వెయ్యాలట. అంత దగ్గరకొచ్చాక ఆ పొడుగు చేతులకు పని ఉండదంది. ఇదంతా పుస్తకంలో రాసుకున్నాను. నేను రాసుకుంటే కాళ్ళు వింటాయా? చెయ్యి లేవగానే వెనక్కే నడిచేవి, వీపుకు గోడ తగిలేదాకా.

పోయిన శుక్రవారం బెల్టు పరీక్ష పెట్టారు. రెండు నిమిషాలు నిచ్చెనతో. మొదట్లోనే మూడు దెబ్బలు తిన్నాను. అప్పుడామె రెండు చేతులూ ఎత్తి నా మీదికి వచ్చింది. నాకేమైందో, నేనూ రెండు చేతులూ ఎత్తి ఎదురు వెళ్ళాను. రోజూ మేం రెండువందల సార్లు చేసే పనే అది. దుప్పటికి చెరో అంచూ పట్టుకుని, చేతులెత్తి ఎదురెదురుగా నడిచి కొసలు కలుపుతాం. నా చేతులు అలవాటుగా వెళ్ళి ఆమె చేతుల్లో కొసల కోసం వెతికాయి. ఆమె కూడా అలవాటుగా అందించబోయింది. హాలంతా నవ్వులే. మాస్టరమ్మ ఒక్కతే నవ్వలేదు.

"ఇదే దూరం. ఇప్పుడు కొట్టండి" అంది.

కొట్టాను, పొట్టమీద, కళ్ళు తెరుచుకునే. నిచ్చెన అబ్బా అని వంగి, బాగా కొట్టావు వదినా అని మెచ్చుకుంది కూడా. ఆ ఒక్కటే. తర్వాత మళ్ళీ కళ్ళు మూతపడ్డాయి, పరీక్ష పోయింది. మూడు నెలలాగి రమ్మన్నారు.

ఇక్కడ ఆపి గుమ్మం దాకా వెళ్ళొచ్చాను. ఎవరూ రాలేదు.

పరీక్షయ్యాక ఇంటికి నడిచి వస్తుంటే ఒకటి తోచింది. పనిలో రోజంతా నిచ్చెన చేతులు నా నెత్తిమీదికి లేస్తూనే ఉంటాయి, నేను ఒక్కసారీ కళ్ళు మూసుకోలేదు. అంటే నాకు పొడుగు మనిషంటే భయం కాదు, ఎత్తిన చెయ్యంటే కూడా కాదు. కొట్టడానికి ఎత్తిన చెయ్యంటే. ఆ హాల్లో తప్ప అలాంటిది నా మీదికి లేవడం బతుకులో ఒక్కసారే చూశాను.

అది నీ చెయ్యిరా.

నువ్వు చదువు మానేశావని నేను నాన్నకు చెప్పిన రోజు. వంటగదిలో నీళ్ళ బిందె పక్కన నిలబడి ఉన్నాను. "నిన్నెవరు చెప్పమన్నారు" అంటూ వచ్చి చెయ్యెత్తావు. నేను కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచేసరికి నువ్వు అటు తిరిగి నీళ్ళు తాగుతున్నావు. ఆ పూట అన్నం పెట్టాను, తిన్నావు. ఆరేళ్ళయింది, ఆ మాట ఇద్దరం ఎత్తలేదు. నువ్వు మరిచిపోయావేమో అనుకుంటే ఒక బాధ, మరిచిపోలేదేమో అనుకుంటే ఇంకో బాధ. అప్పటినుంచి నువ్వు సెలవులకు వచ్చి, నా వెనక నిలబడి పై అరలో డబ్బా అందుకోబోయినా నా కళ్ళు మూతపడతాయి. నువ్వు ఆనాటి మనిషివి కాదని నాకు తెలుసు. నా కళ్ళకే తెలియదు. పడని దెబ్బకు ఇన్నేళ్ళు భయపడుతున్నానంటే నాకే సిగ్గు. దేవుడి ముందు కూడా ఈ మాట పైకి అనలేదు. ఇప్పుడు తెలుస్తోంది, కరాటేలో చేరింది దొంగలకు భయపడి కాదు, నువ్వు వచ్చినప్పుడు నీ పక్కన నిలబడగలగాలని.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు. రా. వేరే గది చూడకు. నా భయం పోయిందని అబద్ధం చెప్పను. నేను కళ్ళు మూసుకుంటే చూసి నొచ్చుకోకు, "అమ్మా, డబ్బా తీస్తున్నా" అని ఒక మాట చెప్పి చెయ్యెత్తు. కోపం వస్తే వీధిలోకి వెళ్ళి తిరిగి రా. అట్లా కాక మళ్ళీ నా మీద చెయ్యెత్తావో, ఈసారి నేను వెనక్కి జరగను, నీ దగ్గరికే వస్తాను. వచ్చి నిన్ను కొడతానో, వాటేసుకుంటానో ఇప్పుడే చెప్పలేను.

కరాటే సంగతి నాన్నకు నేనే చెప్పుకుంటాను. వంటగది సంగతి మనిద్దరిదే. ఈ కాగితాలు ఆయనకే కాదు, ఎవరికీ చూపించకు. చించెయ్యకు కూడా. రేపు నీకు పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఎవరిమీదైనా పట్టరాని కోపం వచ్చిన రోజు తీసి చదువుకోవాలి, జాగ్రత్తగా దాచుకో.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న
అమ్మ