దీపాలు పెట్టాక

జూన్ 17, మంగళవారం

సినగాగ్ కప్పు మళ్లీ కారింది. ఈసారి సరిగ్గా పాత బీరువా మీద. డోన్ మౌరిసియో నిచ్చెన పట్టుకుని సలహాలిచ్చాడు, పుస్తకాలన్నీ నేనే దించాను. ఆయన అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. పద్నాలుగు మంది యూదులు మిగిలిన ఈ ప్రార్థనా సంఘానికి ఇద్దరు ఆఫీసర్లం. నడుము పడిపోయింది.

జూన్ 19, గురువారం, ఉదయం 11

తడిసినవాటిలో అంత్యక్రియల సంఘం వాళ్ల నోటుబుక్కు ఒకటి దొరికింది. మా పెద్దల భాష యిడ్డిష్‌లో ఉంది. అమ్మమ్మ నేర్పిన నాలుగు ముక్కలతో కూడబలుక్కుని చదివాను. పోయినవాళ్ల పేరు, తేదీ, టైం. ఒక పేజీ దగ్గర ఆగిపోయాను.

నౌమ్ కపెలూష్. 1993 జూన్ 29, సాయంత్రం ఆరూ నలభై. దీపాలు పెట్టాక.

అంటే చీకటి పడ్డాక. మా లెక్కలో పొద్దుగూకితే మర్నాడు మొదలైనట్టే. మూడు నక్షత్రాలు కనిపిస్తే ఇక సందేహమే లేదు. గోడమీది ఇత్తడి పలకలో నౌమ్ గారి పేరు పక్కన మా క్యాలెండర్ ప్రకారం తమ్మూజ్ నెల పది అని ఉంది. పదకొండు ఉండాలి.

ఆ తేదీ లెక్క కట్టింది నేనే.

అదే రోజు, మధ్యాహ్నం 3

ఎలా జరిగిందో గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు, కొత్తగా కార్యదర్శినయ్యాను. తేదీ కట్టాలంటే ముసలివాళ్లు ఇంటివాళ్లని ఒకటే అడిగేవారు, అప్పటికి చీకటి పడిందా లేదా అని. నాకది నాటు పద్ధతిలా తోచింది. న్యూయార్క్‌లో అచ్చయిన పట్టిక ఒకటి సంపాదించాను. ఏ నెలలో ఎన్నింటికి పొద్దుగూకుతుందో అందులో వరసగా ఉంటుంది. జూన్ చివర ఎనిమిదిన్నర. అలా చూస్తే ఆరూ నలభై పట్టపగలు. రాసేశాను.

అక్కడ జూన్ ఎండాకాలం. భూమధ్యరేఖకి దిగువనున్న మా ఎంత్రె రియోస్‌లో చలికాలం, ఆరింటికే చీకటి. ఆ సాయంత్రం నేను టార్చిలైటు వేసుకుని వాళ్లింటికి వెళ్లాను కూడా. పైగా ముప్పైయేళ్లు ఈ ఊరి బడిలో రుతువుల పాఠం చెప్పిన భూగోళం టీచర్ని. చదవేస్తే ఉన్న మతి పోయిందట.

జూన్ 26, గురువారం

పలక మొత్తం సరిచూశాను. నూట ముప్పై పేర్లలో పదకొండు తప్పులు. పేరు పక్కన వర్ధంతి నాడు వెలిగించే బల్బు చలికాలం సాయంత్రాల్లో పోయినవాళ్లకి ఒకరోజు ముందు వెలుగుతోంది, ఎండాకాలం సాయంత్రాల్లో పోయినవాళ్లకి ఒకరోజు ఆలస్యంగా.

నౌమ్ గారు కాక మిగతా పదిమంది తాలూకు పిల్లలూ బ్యూనస్ ఎయిర్స్‌లో ఉన్నారు. వాట్సాప్‌లో రిమైండర్ పంపితే బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటారు. నౌమ్ గారి భార్య డోన్యా సీమే అలాంటిది కాదు. ఎనభై తొమ్మిదేళ్ల మనిషి. ఆ రోజు ఉపవాసం ఉంటుంది, పదిమందిని కూడగడుతుంది. పదిమంది ఉంటేనే గదా పోయినవాళ్ల పేర కద్దీష్ చదివేది. ముప్పై రెండేళ్లుగా చదివిస్తోంది, నేను రాసిచ్చిన తప్పు రోజున.

జులై 1, మంగళవారం

డోన్ మౌరిసియోకి చెప్పాను. కొట్లో మేకులు తూస్తూ విన్నాడు. ఆవిడకి చెప్పొద్దన్నాడు. ఉన్న నాలుగు రోజులూ ప్రశాంతంగా ఉండనీ, చచ్చినవాళ్ల దగ్గర క్యాలెండర్లు ఉండవు అన్నాడు. ఆ మాట వినగానే నా ప్రాణానికి హాయిగా అనిపించింది. అందుకే నా మీద నాకు అసహ్యం వేసింది.

చెప్పకపోతే ఆవిడకి అసలు రోజు ఎప్పటికీ దక్కదు. చెబితే ముప్పై రెండు ఉపవాసాలూ వట్టిపోయాయని నా నోటితో చెప్పినట్టు.

జులై 3, గురువారం

ఇవాళ కూడా చెప్పలేదు.

జులై 6, ఆదివారం, ఉదయం

నిన్న శనివారపు విశ్రాంతి రోజు, సబ్బాతు, ముగిశాక పదకొండు మందిమి చేరాం. స్విచ్ వేశాను, నౌమ్ గారి పేరు పక్కన బల్బు వెలిగింది. కద్దీష్ అయ్యాక డోన్యా సీమే అందరికీ తేనె కేకు పెట్టింది, నాకు రెండు ముక్కలు.

సాయంత్రం వెళ్లి చెప్పేస్తాను. ఉపవాసం ముగిశాక.

జులై 6, సాయంత్రం 7.30

వెళ్లాను. వంటింటి గట్టు మీద, వర్ధంతికి నిన్న వెలిగించిన ఒకరోజు దీపం గ్లాసు అడుగున కొట్టుకుంటోంది. దాని పక్కనే ఇంకో గ్లాసు, నిండుగా, అప్పుడే వెలిగించింది.

కూర్చోమంది. మాతే ఆకుల కషాయం కలిపి చేతిలో పెట్టింది. నేను నోరు తెరవకముందే ఆ కొత్త దీపం వైపు చూపించింది.

"ఇదే అమ్మాయ్ అసలుది. నిన్నటిది నీ కోసం."

ఆయన పోయిన సాయంత్రం గదిలో లైటు వేసుకుని ఆయన కళ్లు తనే మూసిందట. చీకటి పడిందని ఆవిడకి ఒకరు చెప్పాలా? మొదటి ఏడు నేను ఆయన పేరు కొత్తగా చెక్కించిన పలక తళతళా తుడిచి పట్టుకొచ్చాను. ముసలివాళ్లంతా ఈ పిల్ల ఎంత చురుకో అని మెచ్చుకుంటున్నారట.

"అప్పుడు తప్పని చెబితే నీ మొహం తెల్లబోయేది కదే. నలుగురిలో ఒకరి మొహం తెల్లబోయేలా చెయ్యడం రక్తం కళ్లజూడటమేనని మా ఆయన అనేవాడు. ఆయన మాట నిలబెట్టబోయి ఆయన రోజునే పోగొట్టుకున్నాను, ఏం చెయ్యను."

మరి ఉపవాసం రెండు రోజులా అని అడిగాను. ఈమధ్య రెండో రోజు టీ తాగుతున్నానంది. కద్దీష్ సంగతి అడిగాను. రెండో దీపానికి ఒక్కసారి కూడా లేదట. వరసగా రెండు రోజులు పిలిస్తే ఎందుకని అడగరా అంది.

ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. లేవబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"నా రోజు వచ్చినప్పుడు మాత్రం పట్టిక చూడకు. కిటికీలోంచి బయటికి చూడు."

జులై 7, సోమవారం

పొద్దున్నుంచీ ఫోన్లు చేశాను. పొద్దుగూకేదాకా టైం ఉంది, పదకొండో తేదీ కద్దీష్ ఈ ఒక్కసారైనా చదివించాలని. పనిరోజు. డోన్యా సీమేతో, నాతో కలిపి తొమ్మిదిమందిమి అయ్యాం. డోన్ మౌరిసియో మీద ఆశ పెట్టుకున్నాం. కొట్లో బేరం ఉందన్నాడు.

ఎందుకు పిలిచానో అందరిముందూ నిలబడి చెప్పాను. మొహం తెల్లబోయింది, నిజమే. దానివల్ల ఎవరూ చావలేదు. కిటికీ అద్దంలో వెలుతురు పోయేదాకా కూర్చున్నాం. వచ్చే ఏడాది చూద్దాంలే అని డోన్యా సీమే కోటు గుండీలు పెట్టుకుంది.

జులై 22, మంగళవారం

మిగతా పదిమంది ఇళ్లవాళ్లకీ ఫోన్లు చేయడం అయింది. ఒకావిడ ఫోన్ పెట్టేసింది. ఒకాయన నవ్వి, మా నాన్న బతికున్నప్పుడూ ఎక్కడికీ టైంకి రాలేదన్నాడు.

డోన్ మౌరిసియో తనంతట తానే స్క్రూడ్రైవర్ తెచ్చాడు. పలక విప్పి, పదకొండు తేదీలూ సరిచేసి చెక్కించడానికి తీసుకెళ్లాడు. నా మొహం చూడలేదు.

ఆగస్టు 12, మంగళవారం

డోన్యా సీమేకి న్యుమోనియా. ఆసుపత్రికి రానంది. అక్కడి మంచాల పక్కన కిటికీలు లేవట.

ఆగస్టు 14, గురువారం

డోన్యా సీమే ఇప్పుడే పోయింది. గడియారం చూడలేదు. కిటికీ తెరిచాను. ఒక నక్షత్రం. యూకలిప్టస్ పైన ఇంకోటి. మూడోది ఉందో లేదో నా కళ్లకి ఆనడం లేదు. డోన్ మౌరిసియోని పిలిచాను. ఇద్దరం చూస్తున్నాం.