సదరు గ్రంథం అరలో లేదని మనవి

విశ్వవిద్యాలయ రిజిస్ట్రారు గారి సముఖమునకు, సైన్సు, ఇంజనీరింగు గ్రంథాలయపు లైబ్రేరియన్ దాఖలు చేసుకొంటున్న అర్జీ.

విషయం: రసాయనశాల ప్రమాదంపై విచారణ సంఘం నివేదికలోని ఒక వాక్యమును కొట్టివేయవలసినదిగానూ, నాకు పంపిన వాంగ్మూలంపై సంతకం చేయుట నుండి నన్ను మినహాయించవలసినదిగానూ కోరుట గురించి.

అయ్యా,

తమ కార్యాలయం పంపిన వాంగ్మూలం నాకు అందింది. "ప్రమాదం నాటికి గ్రంథాలయం యథావిధిగా పనిచేయుచున్నది. సదరు గ్రంథం అరలో అందుబాటులో ఉన్నది. సదరు విద్యార్థిని దానిని సంప్రదించలేదు" అని అందులో మూడు వాక్యాలు ఉన్నాయి. కింద నా హోదా టైపు చేయించి సంతకానికి చోటు వదిలారు. మొదటి రెండు వాక్యాలూ అబద్ధాలు. మూడోది నిజమే. కాని ఆ రెంటి పక్కన నిలబెట్టేసరికి అది వాటికన్నా పెద్ద అబద్ధమైంది. అందుచేత సంతకం చేయలేకపోతున్నాను. కారణాలను తమ పరిశీలనార్థం కింద మనవి చేసుకొంటున్నాను.

1. మా గ్రంథాలయం ఇంజనీరింగు భవనం రెండో అంతస్తులో ఉండేది. విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం వస్తోందనీ, పుస్తకాల అరలు చూడ్డానికి పాతగా ఉన్నాయనీ, హాలును 'జ్ఞాన కేంద్రం'గా మార్చాలనీ ఉత్తర్వు వచ్చింది. అరలు విప్పేశారు. పుస్తకాలను అట్టపెట్టెల్లో కుక్కి, వర్క్‌షాపు వెనక గోదాములో పడేసి తాళం వేశారు. తాళంచెవి ఎస్టేటు ఆఫీసరు గారి దగ్గర ఉంది. ఏ పెట్టెలో ఏమున్నదో పైన రాయిస్తామంటే కూలీలకు అంత వ్యవధి ఇవ్వలేదు. రసాయనశాస్త్రం, కాంక్రీటు, ఖగోళం ఒకే పెట్టెలో ఒకదాని మీద ఒకటి పడ్డాయి. హాల్లోకి సోఫాలు, గోడంత టీవీ తెరలు, ప్లాస్టిక్ మొక్కలు వచ్చాయి. మొక్కల మీద దుమ్ము తుడిచే పని మా అటెండరుకూ, అతను తుడిచాడో లేదో చూసే పని నాకూ దక్కాయి. దీనిని యథావిధిగా పనిచేయుట అనవచ్చునో లేదో తమరే నిర్ణయించగలరు.

2. అరలు లేకపోయినా కంప్యూటరు సూచికలో ప్రతి పుస్తకం ఎదుటా 'అరలో ఉన్నది' అనే వస్తోంది. ఆలూ లేదు చూలూ లేదన్న సామెత వినడమే గానీ, ఆఫీసు కంప్యూటర్లో చూడడం నాకు ఇదే మొదలు. 'లభ్యం కాదు' అని మార్చవలసిందిగా కంప్యూటరు విభాగానికి కాగితం పెట్టాను. బృందం వచ్చి వెళ్ళేదాకా ఏదీ మార్చవద్దని పైనుంచి మాట ఉందన్నారు. విచారణ సంఘం వారు గ్రంథం అందుబాటులో ఉన్నదని తేల్చింది ఈ సూచికను చూసి. గోదాముకు ఎవరూ వెళ్ళలేదు. అది వాళ్ళు కూర్చున్న గది కిటికీలోంచి కనబడుతుంది.

3. సదరు విద్యార్థిని గురించి. నివేదికలో ఆమెను అలాగే పిలిచారు కనుక నేనూ అలాగే రాస్తున్నాను. మా గ్రంథాలయంలో ఆమెకు సందేహాలమ్మ అని పేరు. మా అటెండరు పెట్టాడు. ఏ లెక్క చూపించినా ఇది మొదట ఎవరు కట్టారు, తర్వాత ఎవరైనా సరిచూశారా అని అడిగేది. నేను వెతికి ఇస్తే, దానికి ముందుది కూడా కావాలనేది. సైన్సు లైబ్రేరియన్‌కు అంతకన్నా మంచి పాఠకురాలు దొరకదు. అలాంటి వాళ్ళు రోజుకు ఇద్దరు వస్తే మాత్రం కుర్చీలోంచి లేచి అన్నం తినే తీరిక కూడా దొరకదు.

4. ఆమె మార్గదర్శకుడైన ఆచార్యులు ప్రయోగానికి కొత్త ద్రావకం తెప్పించే వీలు లేక, బీరువా వెనకనున్న పాత సీసాలోది మరిగించి శుద్ధి చేసుకోమన్నారు. సీసా మూత చుట్టూ తెల్లటి పొడి లాంటిది కట్టి ఉందని ఆమెకు అనుమానం వచ్చింది. ఇంటర్నెట్టులో చూస్తే సరిపోయేది కదా అని విచారణ సంఘంలో ఒక పెద్దమనిషి నన్ను అడిగారు. అయ్యా, ఆమె చూసింది. ఒకచోట పరవాలేదని ఉంది, ఇంకోచోట ముట్టుకోవద్దని ఉంది. అసలు పరిశోధన వ్యాసం చూద్దామంటే ఆ పత్రికకు మన చందా ఆపేశారు. రెండింటిలో ఏది నమ్మాలో తేల్చుకోవడానికే ఆమె నా దగ్గరకు వచ్చింది. ప్రయోగశాల ప్రమాదాల మీద మా దగ్గరున్న పెద్ద గ్రంథం అడిగింది. గ్రంథాలయం అనేది ఉన్నదే ఆ పనికి.

నేను ఎస్టేటు ఆఫీసరు గారి దగ్గరకు వెళ్ళాను. బృందం వెళ్ళేదాకా గోదాము తెరిచేది లేదు, కావాలంటే ఫైలు పెట్టుకోండన్నారు. ఫైలు పెట్టాను. వేరే విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్‌గా ఉన్న నా స్నేహితురాలికి ఫోను చేశాను. ఎత్తలేదు. కావలసిన పేజీ ఫొటో తీసి పంపమని సందేశం పెట్టాను. వెనక్కి వచ్చేసరికి ఆ అమ్మాయి సోఫా అంచున కూర్చుని ఉంది.

"అక్కా, ఆ ఒక్క పుస్తకమే. గోదాము గుమ్మంలో నిలబడి చదువుకుని అక్కడే ఇచ్చేస్తాను" అంది.

తాళం నా దగ్గర లేదని చెప్పాను. పుస్తకం దొరికేదాకా ఆ సీసా ముట్టుకోవద్దనీ, నేను వద్దన్నానని వాళ్ళ సారుతో చెప్పమనీ అన్నాను.

"మీ మాట వింటారా అక్కా? నా మాటే వినరు. బృందం వచ్చేసరికి యంత్రం మీద ప్రయోగం నడుస్తూ కనబడాలట."

అని నవ్వి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. నేను ఆమె వెంట మెట్లదాకా వెళ్ళాను. సరిగ్గా అప్పుడే తెర బిగించే మనిషి పిలిస్తే వెనక్కి తిరిగాను.

5. అదే రోజు మధ్యాహ్నం చప్పుడు వినబడినప్పుడు వర్క్‌షాపులో ఏదో ఇనుము కిందపడిందనుకున్నాను. తర్వాత గాజు రాలడం మొదలైంది. అది చాలాసేపు రాలింది. మేము రసాయనశాలకు పరిగెత్తేసరికి ఆమెను వరండాలోకి తెచ్చి పడుకోబెట్టారు. ఎవరో తడిగుడ్డ ముఖం మీద వేయబోతే ఆమే వద్దని చెయ్యెత్తింది. ఆ చెయ్యి చూసి గుడ్డ పట్టుకున్నవాడు పక్కకు తిరిగిపోయాడు. ఇంతకన్నా వివరం ఈ అర్జీకి అవసరం లేదు. ఒక కన్ను తీసేశారు. రెండో కంటికి వెలుతురూ చీకటీ మాత్రం తెలుస్తున్నాయి. వేళ్ళ సంగతి డాక్టర్లు ఇంకా చెప్పడం లేదు.

6. నివేదికలో "విద్యార్థిని స్వీయ నిర్లక్ష్యము చేత, అందుబాటులోనున్న గ్రంథమును సంప్రదించకపోవుట వలన ప్రమాదము సంభవించినది" అని రాశారు. ఆ వాక్యం ఆధారంగా ఆమె పరిశోధనను రద్దు చేయాలని ప్రతిపాదన నడుస్తోందని విన్నాను. అంటే కన్ను పోయిన పిల్లకు చదువు కూడా పోతుంది, తన తప్పు వల్లే పోయిందన్న నింద మాత్రం మిగులుతుంది.

7. ఆస్పత్రికి వెళ్ళాను. వార్డు బయట బెంచీ మీద ఆమె తల్లి కూర్చుని ఉంది. బట్టలు కుట్టే ఆవిడ. ఆ చేతులు ఊరికే ఉండలేక, కొంగు అంచు మడిచి విప్పి, మళ్ళీ మడుస్తున్నాయి. నేనెవరో చెప్పుకున్నాను. ఆవిడ లేచి నిలబడింది.

"మీరేనామ్మా పుస్తకాలావిడ? మా పిల్ల అడిగితే లేదన్నారట."

అవునన్నాను. ఆవిడ తిట్టలేదు. పక్కకు జరిగి బెంచీ మీద చోటిచ్చింది. కూర్చున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని మా ఇంట్లో పొద్దస్తమానం వాడే మాట. ఆ బెంచీ మీద కూర్చున్నాక అది ఇక నా నోట రాదని తెలిసింది.

నా స్నేహితురాలు సెలవులో ఉండి, ప్రమాదం జరిగిన మర్నాడు పనిలోకి వచ్చి ఆ పేజీ ఫొటో పంపింది. అది నా ఫోనులో ఉందని ఆ అమ్మాయితో చెప్పాలా వద్దా అని లోపలికి వెళ్ళేదాకా తేల్చుకోలేదు. ఆమే అడిగింది. ముఖమంతా కట్లు. గొంతు మాత్రం పాతదే.

"దొరికిందా అక్కా? చదవండి."

వాళ్ళమ్మ వద్దన్నట్టు తల ఊపింది. ఈ పిల్ల చూడలేదు కదా, మళ్ళీ చదవమంది. చదివాను. గాలి తగిలిన పాత సీసాలలో ఈ ద్రావకం పేలే గుణమున్న పదార్థాన్ని కూడబెట్టుకుంటుందనీ, మూత దగ్గర తెల్లని పొర కనబడితే సీసా తెరవనే కూడదనీ, ఎట్టి పరిస్థితిలోనూ వేడి చేయరాదనీ ఉంది. అంతకు మించి లేదు. గుక్క తిప్పుకోకుండా చదివేయవచ్చు.

"ఇంతేనా?"

"ఇంతేనమ్మా."

"నేను అనుకున్నదే కదక్కా" అంది.

వచ్చేటప్పుడు ఆమె ఒక్కటే అడిగింది: "నేను వచ్చి అడిగానని చెప్పండి. ఇంకేం చెప్పకపోయినా సరే."

8. సంతకం చేయమని నాకు పలువురు పలు విధాలుగా చెప్పారు. డిప్యూటీ రిజిస్ట్రారు గారు, ఇది మామూలు కాగితమేననీ, నా మంచికే చెబుతున్నామనీ అన్నారు. మార్గదర్శకుడైన ఆచార్యులు స్వయంగా వచ్చి నా టేబులు ముందు నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు. "మేడమ్, నాకూ పిల్లలున్నారు" అన్నారు. ఆ మాట పూర్తి చేస్తారేమోనని చూశాను. చెయ్యలేదు.

మా ఆయన ఇదే విశ్వవిద్యాలయంలో పరీక్షల విభాగంలో గుమాస్తా. దుర్మార్గుడు కాడు. భయస్థుడు. "నువ్వు సంతకం పెట్టినందువల్ల ఆ పిల్లకు చూపు పోలేదు, పెట్టకపోతే తిరిగి రాదు. మనిద్దరి ఉద్యోగాలూ మాత్రం పోతాయి" అన్నాడు. లెక్కప్రకారం ఆయన మాటలో తప్పేమీ లేదు. నేను గిన్నెలు తోముకున్నాను. ఆయన టీవీ పెట్టి, చప్పుడు తగ్గించి, ఆఖరికి కట్టేశాడు. "ఆ అమ్మాయి ఏమన్నా తింటోందా?" అని అడిగాడు. గంజి తాగుతోందని చెప్పాను. అంతటితో మా ఇంట్లో ఆ చర్చ ముగిసింది. ఆయన ఇప్పటికీ సంతకం పెట్టమనే అంటున్నాడని తమరు నమోదు చేసుకోగలరు. ఈ అర్జీలో ఆయన ప్రమేయం లేదు.

9. విచారణ సంఘం నన్ను పిలిచింది గానీ, అడిగినదానికి అవును, కాదు అని మాత్రమే చెప్పమంది. "ఆ పుస్తకం గ్రంథాలయం సొత్తా?" అవును. "విద్యార్థిని దానిని తీసుకున్నదా?" లేదు. ఆమె ఎందుకు తీసుకోలేదని ఎవరూ అడగలేదు. నేను చెప్పబోతే అధ్యక్షులు గడియారం చూసుకున్నారు. నా ఉద్యోగమంతా జనం అడిగిన ప్రశ్నకు సరైన పుస్తకం ఇవ్వడంలో గడిచింది. సరైన ప్రశ్నే అడగని వాళ్ళకు ఏమివ్వాలో నాకు రాదు. అందుకే ఈ కాగితం.

కావున తమరు దయతో:

అ) "స్వీయ నిర్లక్ష్యము" అన్న వాక్యమును కొట్టివేసి, ఆ చోట "విద్యార్థిని గ్రంథము కోరగా విశ్వవిద్యాలయము ఇవ్వలేకపోయినది" అని రాయించవలెను.

ఆ) ఆమె చదువును రద్దు చేయు ప్రతిపాదనను ఉపసంహరించవలెను. ఆమె మెదడుకు ఏమీ కాలేదు. చదివి వినిపించే మనిషి కావాలి. ఆ పని నేను చేస్తాను, పనివేళల తర్వాతనే చేస్తాను.

ఇ) గోదాము తాళంచెవి గ్రంథాలయానికి ఇప్పించవలెను. ఆ పాత సీసా లాంటివి ఇంకా ఎన్ని బీరువాల్లో ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఆ తెల్లటి పొర ఏమిటని అడగడానికి వచ్చేవాళ్ళు ఇంకా ఉంటారు.

పై సంగతులన్నీ నేను కంటితో చూసినవి, చెవితో విన్నవి. ఎక్కడికి పిలిచినా వచ్చి ఇవే చెబుతాను. నన్ను బదిలీ చేయుదురేని, వెళ్ళిన చోట కూడా ఇవే చెబుతాను. పెద్ద మనసుతో ఒక్కసారి చివరిదాకా చదివి చిత్తగించవలెను.

ఈ ఒక్క సంతకం విషయంలో తప్ప అన్నింటా
తమ విధేయురాలు,
లైబ్రేరియన్,
సైన్సు, ఇంజనీరింగు గ్రంథాలయం

తా.క.: పైన (ఇ)లో కోరిన తాళంచెవి ఇక అక్కర్లేదు. ఈ అర్జీ కవరులో పెట్టి తమ ఆఫీసుకు బయలుదేరి, దారిలో గోదాము ముందు ఆగిపోయాను. వర్క్‌షాపులో ఇనుపకడ్డీ అడిగి తీసుకున్నాను. అలాంటి తాళం అంత సులువుగా ఊడొస్తుందని తెలియదు. తెలిసి ఉంటే ఎంత బాగుండేది. రసాయనశాస్త్రం పిల్లలు ఎవరూ పిలవకుండానే వచ్చి పెట్టెలు మోస్తున్నారు. పుస్తకాలు ప్రస్తుతం జ్ఞాన కేంద్రంలో సోఫాల మీదా, తెరల ముందూ, మెట్ల మీదా ఉన్నాయి. సదరు గ్రంథం ఇంకా దొరకలేదు, వెతుకుతున్నాం. పిల్లలది మోత మాత్రమే, తాళం విరగ్గొట్టింది నేనొక్కదాన్నే. దీని మీద వాంగ్మూలం రాయించి పంపండి. సంతకం పెడతాను.