మధ్య గడిలో వచ్చిన పేరు

చిరంజీవి తమ్ముడు బెన్నీకి అక్క ప్రేమతో, ఆశీస్సులతో వ్రాయునది.

అమ్మ, నేను ఈ రోజు వరకు క్షేమంగానే ఉన్నాము. సెమినరీ భోజనం నీకు ఇప్పుడిప్పుడే అలవాటవుతోందని రాశావు, సంతోషం. అమ్మ మోకాలి నొప్పి కూడా తగ్గుముఖం పట్టింది.

గత ఉత్తరంలో నువ్వు కాస్త కోపంగానే అడిగావు: నాన్న ఫోను శుభ్రంగా పనిచేస్తుండగా కంపెనీ దానికి కొత్త సిస్టమ్ పంపడం ఎందుకు మానేసిందని. పటమట సర్వీస్ సెంటర్‌లో పదకొండేళ్లుగా నేను వింటున్న ప్రశ్నే ఇది. ప్రతి కొత్త సిస్టమూ పాత ఫోనుకు అక్కర్లేదు, దాని చిప్పు ఆ బరువు మోయలేదు. భద్రతకు సంబంధించిన సవరణలు మాత్రం ఫోను పనిచేసినన్నాళ్లూ పంపాలని నా అభిప్రాయం. అవి ఆగిపోయిన ఫోను గడియ వేయని ఇంటి వంటిది. లోపలికి ఎవరు వచ్చి వెళ్తున్నారో మనకు తెలియదు.

నాన్న ఉపదేశిగా ఉన్నన్నాళ్లూ ప్రతి శనివారం, మర్నాటి ఆదివారం పూజలో ప్రార్థించవలసినవారి పేర్లు టైపు చేసి ఫాదర్ గారికి పంపేవారు కదా. ముందు రోగుల పేర్లు, తరువాత మృతుల పేర్లు. ఆయన పోయాక అదే ఫోనులో అమ్మ ఆ పని చేస్తోంది. ఒక మాట కొట్టగానే కీబోర్డు పైన మూడు గడుల్లో తరువాతి మాటలు సూచిస్తుంది. అమ్మ చూడకుండానే మధ్య గడి నొక్కుతుంది.

"మీ నాన్నే అందిస్తున్నట్టుంటుందే, క్రిస్టినా" అంటుంది.

పోయిన నెల 'మృతులైన' అన్న మాట తరువాత మధ్య గడిలో అమలమ్మ గారి పేరు వచ్చింది. అమ్మ నొక్కింది, ఫాదర్ గారు చదివారు. ఆవిడ మూడో వరుసలోనే కూర్చుని ఉంది! పూజయ్యాక అమ్మను పట్టుకుంది.

"ఏమే సంపూర్ణం, నన్నప్పుడే సాగనంపేశావా? ఇంకా ఆవకాయ పెట్టుకోవాలే తల్లీ!"

"అయ్యో పిన్నీ, నేను కాదు, ఈ దిక్కుమాలిన ఫోను!"

అందరూ నవ్వారు. ఆ బుధవారమే ఆవిడ నిద్రలో వెళ్లిపోయింది.

దీనికి వివరణ ఉంది. నాన్న ఆవిడ పేరు రోగుల జాబితాలో ఏళ్ల తరబడి కొట్టారు. రోగికీ మృతుడికీ తేడా యంత్రానికి తెలియదు. పైగా ఆవిడకు ఎనభై ఒకటి. అమ్మకు ఇలాగే చెప్పాను.

ఇప్పటివరకు చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. నేను భయపడ్డాను, బెన్నీ. మెసేజీల యాప్ ఇక ఆ ఫోనులో పనిచేయదన్న హెచ్చరిక వస్తే, దాన్నే సాకుగా పెట్టుకున్నాను. పాత ఫోన్ల కోసం ఔత్సాహికులు తయారుచేసిన కొత్త సిస్టమ్ ఎక్కించాను. 'అప్‌డేట్' అని మాత్రమే అమ్మకు చెప్పాను. అందులో నాన్న కొట్టిన ప్రతి మాటా చెరిగిపోతుందని చెప్పలేదు. తెలిసే చెరిపాను. అది నా తప్పు.

మొన్న శనివారం మధ్యాహ్నం ఆ ఫోను కంకిపాడులో మన ఇంటికి తీసుకువెళ్లి అమ్మ చేతికిచ్చాను. సిమ్ వేయలేదు, నెట్ కలపలేదు, కీబోర్డు నేర్చుకున్న మాటల పట్టిక ఖాళీ. అమ్మ 'మృతులైన' అని కొట్టింది. మధ్య గడిలో ఒక పేరు వచ్చింది. అలవాటుగా అమ్మ బొటనవేలు అటే వెళుతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"ఏంటే? కళ్లజోడు లేదు నాకు. ఎవరి పేరది?"

"ఏమీ రాలేదమ్మా."

"మరి నీ చెయ్యేంటే అంత చల్లగా ఉంది?"

అది కీబోర్డుతో పాటు వచ్చే పేర్లలో ఒకటి అయి ఉండాలి. అదే సిస్టమ్, అదే కీబోర్డు మరో నాలుగు ఫోన్లలో ఎక్కించి చూశాను. వాటిలో రాలేదు.

ఇకపై జాబితా నోటుపుస్తకంలో చేత్తో రాయమని అమ్మను ఒప్పించాను. ఫోను నా బల్ల సొరుగులో ఉంది, బ్యాటరీ విడిగా పెట్టాను.

నువ్వు దిగులుపడవద్దు. ఆ పేరు నీది కాదు, అమ్మది కాదు. మన ఇంట్లో మిగిలింది ముగ్గురమే కనుక ఇంతకంటే వివరంగా రాయను. ఈ ఉత్తరం అందాక వచ్చే ఆదివారం పూజలో బ్రతికి ఉన్నవారి కోసం ప్రార్థించేటప్పుడు ఒక్క మాట చేర్చు. పేరు అక్కర్లేదు, 'మా అక్క' అంటే చాలు.

ఇట్లు,
నీ అక్క