టమాటాలు ఎర్రబడితే కోర్టు ధిక్కారమా?

రైతుల ఉచిత న్యాయ సహాయ కార్యాలయం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా అక్కకూ నాకూ ఉమ్మడిగా ఉన్న టమాటా తోటపై తమ వకీలుగారు తెచ్చిపెట్టిన 'యథాతథ స్థితి' ఉత్తర్వు – సదరు ఉత్తర్వును కాయలు ఖాతరు చేయకపోవుట – తక్షణ చర్య కోరుట గురించి.

1. తోట మా ఇద్దరిదీ. సాగు నాది, తోట చివర సాస్ తయారుచేసే షెడ్డు అక్కది. ఈసారి కాయలు మార్కెట్టుకు పంపుదామని నేను, షెడ్డుకే కావాలని అక్క పట్టుబట్టితిమి. మాటా మాటా పెరిగినది. "నీ షెడ్డుకు తాళం వేయిస్తా" అని నేనంటే, "వేయించు, చూస్తా" అని అక్క అన్నది. అంతటితో అన్నం తిని పడుకొనవలసినది. కానీ తమ గోడ మీద 'రైతులకు న్యాయ సేవలు పూర్తిగా ఉచితం' అని రాసి ఉన్నందున లోపలికి వచ్చితిని. ఫీజు ఉండి ఉంటే తిన్నగా ఇంటికి పోయేవాడినని మనవి.

2. వకీలుగారు మంచివారే. ఆయన గదిలో ఫ్యాను తిరుగదు, ఆయన నల్లకోటు విప్పరు. నేను చెప్పినది సగం విని, "ముందు స్టే తెచ్చేద్దాం, మీ అక్కే దారికొస్తుంది" అన్నారు. తెచ్చినారు. తోటను ఉన్నది ఉన్నట్టు ఉంచవలెననీ, ఇరుపక్షాల వారూ కాయ కోయరాదనీ అందులో ఉన్నది. ఇరుపక్షాలలో నేనూ ఒక పక్షమన్న సంగతి ఇంటికొచ్చి చదువుకున్నాక తెలిసినది. కొరివితో తల గోక్కున్నట్టయినది.

3. ఉత్తర్వు వచ్చిననాడు కాయలు పచ్చివి. ఇప్పుడు ఎర్రబడినవి. అనగా ఉన్నవి ఉన్నట్టు లేవు. ఇది కోర్టు ధిక్కారం కిందికి వచ్చునా, వచ్చినచో శిక్ష నాకా మొక్కకా అని వకీలుగారిని అడిగితిని. ఆయన పుస్తకం తెరిచి, మూసి, "నీళ్ళు ఆపి చూడు" అన్నారు. ఆపితే తోట ఎండును, అదీ మార్పే కదా అంటిని. "అయితే పెట్టు" అన్నారు. పెడితే పండుచున్నవి.

4. తదుపరి వాయిదా పంటకాలం దాటిన పిదప ఉన్నది. అప్పటికి న్యాయం చేయుటకు తోటలో తొడిమలే మిగులును. ముందుకు జరిపించమని వేడుకొంటే, "ఒక దూడ కేసు నీకంటే ముందుంది" అన్నారు వకీలుగారు. దూడ ఎలా ఉన్నదని అడిగితిని. "మొన్ననే ఈనింది" అన్నారు.

5. ఇది ఫిర్యాదు కిందికి రాదేమో. అక్క నాతో మాట్లాడుట మానివేసినది. మోటారు ఆపమని చెప్పవలసినా కూలీలతో కబురు పెట్టుచున్నది. నాకు నారు నాటడం నేర్పినది ఆవిడే. అయ్యా, కుళ్ళుతున్న కాయలనైనా చూడగలుగుతున్నాను గానీ దీన్ని భరించలేకుండా ఉన్నాను. ఏ సెక్షను కింద ఆవిడచేత మాట్లాడించవచ్చునో తమరే చెప్పాలి.

కావున ఈ మొర చిత్తగించవలెను. ఉత్తర్వునైనా ఎత్తివేయించవలెను, లేదా టమాటాలకు కూడా దాని ప్రతి ఒకటి అందజేయించవలెను.

తమ విధేయుడు,
తమ ఉచిత సేవ పొందిన రైతు

తా.క.: అర్జీ కవరులో పెడుతుండగా అక్క గట్టు దాటి వచ్చింది. ఇక్కడినుంచి మామూలుగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

"నువ్వు కేసేస్తే మొక్కలేం పాపం చేశాయిరా? ఆ కాయితం ఇలా తే" అంది. ఉత్తర్వు రెండువైపులా చదివింది. "కోయొద్దన్నారు. రాలినవి ఏరుకోవద్దనలేదుగా?"

లేదన్నాను. మొక్క మొదలు పట్టుకుని ఒక్క ఊపు ఊపింది.

"ఎంత గాలో చూడు" అంది.

"గాలే" అన్నాను.

పొద్దుటినుంచీ తోటలో గాలి ఆగలేదు. బుట్టలు నిండుతున్నాయి. ఏ బుట్ట ఎటు పోతోందని ఇద్దరం అడగడం లేదు. మధ్యలో నన్ను వెధవా అంది. ప్రాణం లేచొచ్చింది.

కాబట్టి పైన 'తక్షణ చర్య' అన్నచోట కొట్టేసి చదువుకోండి. కేసు తేలితే ఏ కాయ ఎవరిదో మళ్ళీ మాట్లాడుకోవాల్సి వస్తుంది. మన వకీలుగారికి వాయిదాలు తేవడం బాగా వచ్చు. దయచేసి ఇంకొకటి తెప్పించండి.