కడుక్కున్న టీకా

తమ్ముడు జయరామయ్యకు,

టీకా వేయించుకున్నానని రాశావు. వేయించుకుని వెంటనే కాలవలో కడుక్కున్నానని రాయాలి. నాట్ల పనుల్లో జ్వరం వస్తుందని భయపడి పైన సున్నం కూడా రుద్దావట, మరదలు శేషమ్మ రాసింది. ఆమెను కోప్పడకు. మీ ఇద్దరిలో ఒకరికైనా బుద్ధి ఉండాలి గదా.

ఇక్కడ ఇందుకూరుపేటలో మన పెద్దక్క పిచ్చమ్మకు మశూచి సోకి వారం దాటింది. ఇంట్లో తాలింపు లేదు, నాకు నిద్ర లేదు. టీకాల ఆయన వచ్చినప్పుడు అక్క చిన్ననాటి మచ్చ చూపించి, "ఒకసారి ఏసినారు గదా నాయనా, ముసిల్దానికి మళ్లా ఎందుకు? పిలకాయలకు ఎయ్యి" అని పంపేసింది. ఆ మచ్చ బలం ఎప్పుడో తగ్గిపోయిందని డాక్టరు ఇప్పుడు చెబుతున్నాడు. నీ మచ్చ కూడా అంత పాతదే. నేను పోయిన నెల మనవళ్ల వెనక వరసలో నిలబడి మళ్లీ వేయించుకున్నాను. రెండు రోజులు మూలిగాను. అందుకే అక్క పక్కన కూర్చోగలుగుతున్నాను.

"జయరాముడు వచ్చినాడా?" అని అక్క అడుగుతూనే ఉంది. దారిలో ఉన్నాడని అబద్ధం చెబుతున్నాను. అయినా ఇప్పుడు వస్తే తలుపు తీయను. ఇద్దరికి చాకిరీ చేసే ఓపిక నాకు లేదు.

సోమవారం టీకాల ఆయన మీ ఊరి బడికి మళ్లీ వస్తాడట. వేయించుకో, కడగకు. పొక్కు లేచి మానాక రా. లేచిందని శేషమ్మను రాయమను, నీ మాట నమ్మను.

అక్క ఒళ్లు పరుపుకు అంటుకుపోతోంది. కింద పరిచి పడుకోబెట్టడానికి మీ తోటలో లేత అరిటాకులు కోయించి ఈరోజే బండిలో పంపు. ఇక్కడివి సముద్రపు గాలికి చీలికలైనాయి. బండివాణ్ణి మా వీధి మొదట్లోనే దించి పొమ్మను.

నీ చిన్నక్క