అద్దంతో పిచ్చుక కొట్లాట

మంగళవారం, మొఘల్‌పురా

పొద్దున వాకిట్లో నల్లా దగ్గరి అద్దం మీద నెత్తురు మరక కనిపించింది. గడ్డం గీసుకుంటూ కోసుకున్నారనుకుని ఆయన మీద లేచాను.

"నేనింక గడ్డమే గీయలే. పొద్దుగాల్నే ఏం లొల్లి?" అన్నారు.

అంతలో ఒక పిచ్చుక వచ్చి అద్దాన్ని టకటకా పొడిచింది. దాని ముక్కు ఎర్రగా ఉంది.

పక్కింటి ఖాలా గోడ మీంచి చూసింది. "అద్దంల దుష్మన్ ఉందనుకుంటది బేటీ. గూడు కట్టే దినాలు గదా, కప్పెయ్."

అద్దానికి పాత దిండు గలీబు తొడిగాను. నేను లాడ్ బజార్ గాజులకు అతికించే అద్దపు ముక్కల పళ్లెం కూడా వాకిట్లోంచి లోపలికి తెచ్చేశాను. పిచ్చుక కాసేపు గలీబు చుట్టూ తిరిగి, మీటరు డబ్బా వెనక గూటికి గడ్డిపోచ మోసుకెళ్లింది. రేపు ఇంకెవరి అద్దం వెతుక్కుంటుందో.

సాయంత్రం అద్దం చూడకుండానే బొట్టు పెట్టుకున్నాను. ఆయన నన్ను చూసి నవ్వారు. "బొట్టు పక్కకు పోయింది," అని తన వేలితోనే సరిచేశారు. పెళ్లయి పదకొండేళ్లు, ఇదే మొదటిసారి.

పిచ్చుక పిల్లలు ఎగిరిపోయాక కూడా ఆ గలీబు తీయనేమో.