నీ కోడ్‌లో ఆ ఒక్క తెలుగు వాక్యం

కళా,

నువ్వు పోయి ఏడాదైన ఈ రోజున నీ ఫోల్డర్‌ను లోకానికి తెరిచాను. తిరుపతి ఆఫీసులో మన కోడ్ అంతా ఇప్పటికీ ప్రైవేటే. గీసిన చీర అంచును మరమగ్గానికి అర్థమయ్యేలా మార్చే నీ భాగం మాత్రం ఇక ఎవరైనా చదవొచ్చు, మార్చడానికి వీల్లేదు. లాగౌట్ చేసి, పరాయిదానిలా నా ఫోన్‌లో చూశాను. నీది తెరుచుకుంది. పక్కనున్న కస్టమర్ల డిజైన్ల ఫోల్డర్ పాస్‌వర్డ్ అడిగింది. హమ్మయ్య అనుకున్నాను.

కోడ్ మధ్యలో నువ్వు తెలుగులో రాసిన వాక్యాన్ని తీసేయమన్నారు మేనేజర్. బయటివాళ్లు నవ్వుతారట. "నవ్వితే నవ్వనీండి సార్. అది తీస్తే నేను తెరవను" అన్నాను. ఆయనే తగ్గారు.

నువ్వు పోయిన కొత్తలో మీ నాయన అడిగారు: "మా పాప ఆడ ఏం చేస్తా ఉండిందో ఒకసారి చూపిస్తావామ్మా?" అప్పుడు చూపించే వీలు లేదు. ఈ సాయంత్రం నగరిలో ఉన్న ఆయనకు లింకు పంపి ఫోన్ చేశాను. ఆయన మగ్గం ఆపారు. "అంతా ఇంగ్లీషే గదమ్మా" అంటూ కిందికి జరుపుకుంటూ పోయి, నీ వాక్యం దగ్గర ఆగి పైకి చదివారు:

"అంచూ కొంగూ కలిసేకాడ ఒక పోగు ఎందుకు వదిలినానో మా నాయన్ని అడగండి."

ఇంకోసారి చదువుకుని అన్నారు:

"అయితే ఆడ నా నంబరు గూడా రాయమ్మా. అడిగేటోళ్లు యాడికని ఫోన్ చేస్తారు?"

నీ కోడ్‌లో ఎవరూ చెయ్యి పెట్టకుండా కట్టుదిట్టం చేసిన నేనే, రేపు పొద్దున దాన్లో ఒక వరుస చేరుస్తున్నాను.